కాన్పు సెలవు డబ్బు ఎక్కడ ఆగింది?

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో ఉద్యోగం, హెచ్1బీ వీసా. సిజేరియన్ అయి మూడు వారాలు. కాలిఫోర్నియా డిసెబిలిటీ డబ్బుకు ఆన్‌లైన్‌లో అప్లై చేశాను, ఇప్పటికీ పెండింగ్ అనే ఉంది. వీసాకు ఏమైనా ఇబ్బందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వీసా గురించి భయం వద్దమ్మా. మీ పే స్లిప్ తీసి చూడండి, ఎస్‌డీఐ, అంటే రాష్ట్ర డిసెబిలిటీ బీమా, అని కోత కనిపిస్తుంది, ఈ డబ్బు వచ్చేది ఆ నిధి నుంచే, దీనికి పౌరసత్వంతో సంబంధం లేదు.

ఇలా ఆగిపోతే నేను ముందు అనుమానించేది డాక్టర్ భాగాన్ని. మీరు ఫారం పంపగానే ఆర్ అక్షరంతో మొదలయ్యే రసీదు నంబరు వచ్చి ఉంటుంది, అది డాక్టర్ ఆఫీసుకు ఇచ్చి, వాళ్లు తమ సర్టిఫికెట్ ఈడీడీకి (ఈ డబ్బు ఇచ్చే కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖకు) పంపేదాకా క్లెయిమ్ కదలదు. ఈరోజే ఫోన్ చేసి పంపారా అని అడగండి, మొహమాటపడకండి, ఎందుకంటే ఆ సర్టిఫికెట్‌కు కూడా పని ఆపిన రోజు నుంచి 49 రోజులే గడువు.

సిజేరియన్‌కు మామూలుగా కాన్పు తర్వాత 8 వారాలు ఇస్తారు. మొదటి 7 రోజులకు డబ్బు రాదు. ఆ 8 వారాలు అయ్యాక బిడ్డతో గడపడానికి ఇంకో 8 వారాల ఫ్యామిలీ లీవ్ ఉంది, దాని ఫారం మీ ఆన్‌లైన్ ఖాతాలోకే వస్తుంది, మెసేజ్‌లు చూస్తూ ఉండండి. మీవారు కూడా ఎస్‌డీఐ కడుతుంటే ఆయనకూ విడిగా 8 వారాలు వస్తాయి, బిడ్డకు ఏడాది నిండేలోపు వాడుకోవాలి. దయచేసి వదులుకోవద్దని చెప్పండి.