‘పొడుగు ఖడ్గం’ అనవచ్చునా?

సందేహం: ఐరోపా మధ్యయుగపు ఆయుధాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. లాంగ్‌సోర్డ్ అన్నదానికి ‘పొడుగు కత్తి’ అని రాశాను. వ్యాసం చూసిన పెద్దలొకరు అది వంటింటి మాటలా ఉందని కొట్టేసి ‘మహాఖడ్గం’ అని దిద్దారు. ‘కరవాలం’ ఉండగా కొత్త మాట ఎందుకని మరొక మిత్రుడు అన్నారు. ఏది సరైనది? ఆ కత్తికి నడుమ నిలువునా కనిపించే పల్లానికి ‘నెత్తుటి గాడి’ అని, దానితో పోరాడే విద్యకు ‘కత్తియుద్ధం’ అని రాశాను. ఇవైనా నిలుస్తాయా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందుగా ‘మహాఖడ్గం’ సంగతి తేల్చుకుందాం. మీరు చెప్పిన మాటలన్నిటిలోనూ ఎక్కువ చెరుపు చేసేది అదే. మహా అనగానే చదువరి మనసులో ఏ భీముడో తప్ప ఎత్తలేని ఇనుపదూలం మెదులుతుంది. ఈ ఆయుధం గురించి చాలామందికి ఉన్న అపోహ కూడా సరిగ్గా అదే. 13వ శతాబ్దం చివరి నుంచి 16వ శతాబ్దం నడిమి దాకా జర్మనీ, ఇటలీ, ఇంగ్లండు వంటి దేశాల్లో వాడిన ఈ ఖడ్గాల మొత్తం పొడవు సుమారు 100 నుంచి 130 సెంటీమీటర్లు. బరువు మాత్రం చాలావాటికి 1.1 నుంచి 1.8 కిలోల లోపే. రెండు లీటర్ల నీళ్ళ సీసా కంటే తేలిక. లేని బరువును మాట మోసుకొస్తే, ఆ తరువాత మీ వ్యాసం ఎంత చెప్పినా అపోహ పోదు. మహాఖడ్గాన్ని నిస్సంకోచంగా వదిలేయండి.

ఇక అసలు ప్రశ్న. ఇక్కడ ‘పొడుగు’ అంటే ఏది పొడుగు? ఇనుము పొడుగని మనం అనుకుంటాం. అది సగం నిజమే. ఆ ఖడ్గానికి అంతకంటే ముఖ్యమైన గుర్తు పిడి. రెండు చేతులూ పట్టేంత పిడి ఉండడమే దాన్ని ఒంటిచేతి ఖడ్గం నుంచి వేరు చేసింది. మరో విశేషం జర్మన్ గురువుల రాతల్లో కనిపిస్తుంది. వారు ‘లాంగెస్ ష్వేర్ట్’ (పొడుగు ఖడ్గం) అని, ‘కుర్త్సెస్ ష్వేర్ట్’ (పొట్టి ఖడ్గం) అని రెండు మాటలు వాడతారు. ఇవి రెండు వేరువేరు ఆయుధాలని తొలిచూపులో అనిపిస్తుంది. కానీ చాలా చోట్ల రెండూ ఒకే ఖడ్గం. రెండు చేతులూ పిడి మీద ఉంచి పోరాడితే అది పొడుగు. ఒక చెయ్యి పిడి మీద ఉంచి, మరో చేత్తో ఇనుము నడుమ పట్టుకుని బల్లెంలా పొడిస్తే అది పొట్టి. నిలువెల్లా ఉక్కు కవచం తొడిగిన వాడి మీద వేటు పనిచేయదు కాబట్టి, చంకలోనో మోచేతి మడతలోనో కవచం అతుకు దొరికే చోట మొన దించడానికి ఈ రెండో పట్టు. అంటే పేరు పెట్టింది ఇనుము కొలతను చూసి మాత్రమే కాదు, చేతి పట్టును చూసి కూడా.

ఇది మనకు కొత్త ఆలోచన ఏమీ కాదు. సంస్కృతంలో కత్తిపిడిని ‘త్సరువు’ అంటారు. ద్రోణుడి శిష్యుల్లో ఎవరు దేనిలో మేటి అని చెప్పే చోట సంస్కృత మహాభారతం నకుల సహదేవులను ‘త్సారుకులు’ అంటుంది. మాటకు మాటగా చెప్పుకుంటే పిడి నేర్పరులు. కత్తి విద్య తెలిసినవాణ్ణి పిడి తెలిసినవాడనడం నాకు ఎప్పుడు చదివినా ఒళ్ళు పులకరించే ప్రయోగం.

మరి ‘కరవాలం’ ఎందుకు పనికిరాదు? అమరకోశమనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు ఖడ్గానికి తొమ్మిది పేర్లు చెప్పాడు: ఖడ్గం, నిస్త్రింశం, చంద్రహాసం, అసి, రిష్టి, కౌక్షేయకం, మండలాగ్రం, కరవాలం, కృపాణం. మన కవులకు ఇవన్నీ ఒకటే. ఛందస్సులో ఏది ఇమిడితే అది వేసుకున్నారు. కానీ ఆయుధాగారంలో లెక్క రాసుకునే వాడికి ఇవన్నీ ఒకటి కావు. కౌటిల్యుడు ఖడ్గాలను మూడు రకాలుగా చెప్పాడు: నిస్త్రింశం, మండలాగ్రం, అసియష్టి. మొదటిదానికి వంకర మొన అని, రెండోదానికి గుండ్రని మొన అని, మూడోది సన్నగా పొడుగ్గా ఉండేదని వ్యాఖ్యాతల వివరణ. ఆ వెంటనే ఖడ్గమృగం కొమ్ము, దున్నపోతు కొమ్ము, ఏనుగు దంతం, కర్ర, వెదురు మూలం, వీటితో పిడులు చేయాలంటాడు. నిఘంటువులో పర్యాయపదాలుగా కలిసిపోయినవి వాడినవాళ్ళ నోట వేరువేరు వస్తువులు. ‘నిస్త్రింశం’ ముప్పై అంగుళాలు మించినదని సంప్రదాయ వ్యుత్పత్తి. కొలతే పేరైన మాట మనకూ ఉందన్నమాట. (ఈ అంగుళం వేలి వెడల్పు, ఇంగ్లీషు ఇంచి కాదు.) అయినా వంకర మొన అన్న వివరణ ఉన్నాక, నిటారుగా రెండంచులతో సూదిమొనకు తిరిగే ఐరోపా ఖడ్గానికి దాన్ని అంటగట్టలేం. కరవాలానికి ఏ ఆకారమూ లేదు. అది కవిత్వంలో తళతళలాడే మాట, వస్తువును చూపించే మాట కాదు. తల్వారు అంటారేమోనని ముందే చెబుతున్నాను: అది ఒంపు తిరిగిన ఒంటి అంచు కత్తి, అసలు కుదరదు.

మీ ‘పొడుగు కత్తి’లో పొడుగు బాగుంది, కత్తే చాలదు. తెలుగులో కత్తికి కొలత లేదు. మంగలి చేతిలోదీ కత్తే, కోడి కాలికి కట్టేదీ కత్తే, రాజు ఒరలోదీ కత్తే. సందర్భం తోడు లేకపోతే ‘పొడుగు కత్తి’ కూరగాయలు తరిగే చాకులాగే వినిపిస్తుంది. ఆ పెద్దల అభ్యంతరంలో న్యాయం ఉంది, దిద్దుబాటులోనే పొరపాటు. ‘పొడుగు ఖడ్గం’ అని రాయండి. తెలుగు మాట పక్కన సంస్కృతపు మాట రావడం దోషమేమో అని జంకకండి. పాత పుస్తకం, కొత్త సంవత్సరం అని రోజూ అంటున్నాం. తిరగేసి ‘దీర్ఘకత్తి’ అంటేనే వైరి సమాసం, అంటే సంస్కృతపు మాటకూ తెలుగు మాటకూ పొసగని కూర్పు. ఇక పోరాట రీతులను చెప్పేటప్పుడు ‘పొడుగు పట్టు’, ‘పొట్టి పట్టు’ అనండి. జర్మన్ గురువుల భేదం చక్కగా తెలుగులోకి దిగుతుంది. ‘రెండు చేతుల ఖడ్గం’ అన్న మాటను మాత్రం దీనికి ఖర్చు చేయకండి. 16వ శతాబ్దంలో కూలిసైనికులు భుజాన మోసిన, దాదాపు మనిషెత్తు ఖడ్గాలు వేరే ఉన్నాయి. అవి వస్తే వాటికి కావాలి.

అచ్చతెలుగు మాట కావాలని మీకు కోరికగా ఉంటే, మనకు ఖడ్గానికి ‘వాలు’ ఉంది. తమిళంలో వాళ్, కన్నడంలో బాళ్ దీని తోబుట్టువులే. ‘అడిదం’ కూడా ఉంది. అడిదం సూరకవి ఇంటిపేరులో ఉన్నది అదే. ‘నిడువాలు’ అంటే ఎంత అందంగా ఉంటుందో! కానీ నేటి చదువరికి వాలు అంటే ఏటవాలు, వాలుకుర్చీ. అర్థం విప్పి చెప్పాల్సి వచ్చే మాటను వ్యాసానికి శీర్షికగా పెట్టమని నేను చెప్పలేను. పద్యం రాసే రోజున వాడుకోండి.

‘నెత్తుటి గాడి’ని తప్పకుండా మార్చాలి. పొడిచినప్పుడు నెత్తురు దాని వెంట కారిపోతుందని, కత్తి తేలిగ్గా ఊడి వస్తుందని ఒక కథ ప్రచారంలో ఉంది. అది కట్టుకథ. గాడి తీసేది ఇనుము తగ్గించి బరువు తగ్గించడానికి, అదే సమయంలో కత్తి బిగువు సడలకుండా ఉంచడానికి. ఉత్త ‘గాడి’ చాలు. కవచాలు బలపడిన కొద్దీ అసలు గాడే లేకుండా, అడ్డంగా కోస్తే నాలుగు పలకల వజ్రంలా కనిపించే గట్టి ఖడ్గాలు వచ్చాయి. నరకడం కంటే పొడవడానికి పనికొచ్చేవి. ఈ మార్పులను బట్టే ఇంగ్లండుకు చెందిన యూవర్ట్ ఓక్‌షాట్ 1960లో మధ్యయుగ ఖడ్గాలకు పదో సంఖ్య నుంచి మొదలయ్యే తరగతులు ఏర్పరిచాడు. ఆయుధాల మీద రాసేవారు ఇప్పటికీ ఆ సంఖ్యలే చెబుతారు.

గాడి ఉండే భాగానికి ‘అలుగు’ అని మంచి మాట ఉంది. ఇప్పుడు అలుగంటే చెరువు అలుగే గుర్తుకొస్తుంది గాని, కత్తిలో పిడి పోగా మిగిలిన ఇనుమూ అలుగే. దాని అంచు ‘వాదర’, కొస ‘మొన’. పిడికీ అలుగుకూ మధ్య అడ్డంగా ఉండి చేతిని కాచే కమ్మీకి స్థిరపడిన మాట లేదు కాబట్టి ‘అడ్డుకమ్మీ’ అనండి. పిడి చివర ఉండే ముద్దకు ‘పిడిగుబ్బ’ సహజంగా ఉంటుంది. ఆ గుబ్బ సోకు కాదు. దాని బరువు వల్లనే ఖడ్గం తూగే చోటు అడ్డుకమ్మీకి కొద్ది అంగుళాల దూరానికి జరిగి, మొన చేతికి లొంగుతుంది. అలుగు నుంచి వచ్చే కాడ పిడి చెక్కల గుండా పోయి గుబ్బను దాటి బయటికి వస్తే, ఆ కొసను సుత్తితో కొట్టి బిగిస్తారు.

‘పదును’ దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ మాట మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఉంది. వాన కురిసి నేల దున్నడానికి సరిపడా తడిస్తే పదును. ఉక్కు కాలి చల్లారి సరైన గుణానికి వస్తే పదును. అంచు తెగేట్టు ఉంటే పదును. మీ వ్యాసంలో రెండో అర్థమూ మూడో అర్థమూ పక్కపక్కనే వస్తాయి. ఎర్రగా కాల్చిన ఖడ్గాన్ని ఒక్కసారిగా చల్లార్చితే గట్టిపడుతుంది గాని పెళుసవుతుంది. మళ్ళీ తక్కువ వేడి మీద కాస్తేనే వంగి తిరిగి నిటారుగా నిలిచే గుణం వస్తుంది. దీన్ని ‘పదును పట్టించడం’ అని, అంచు తీయడాన్ని ‘నూరడం’ లేదా ‘సాన పట్టడం’ అని వేరు చేయండి. జర్మనీలోని పాసౌ, జోలింగెన్ పట్టణాల పనివారి ఖడ్గాల మీద కనిపించే పరుగెత్తే తోడేలు గుర్తును చెప్పేటప్పుడు ‘ముద్ర’ అనండి. అది అలంకారం కోసం చెక్కిన బొమ్మ కాదు.

చివరగా ‘కత్తియుద్ధం’. ఇద్దరు నిజంగా తలపడితే ఆ మాట సరైనదే. కానీ మీరు చెబుతున్నది నేర్పే విద్య గురించి. 14వ శతాబ్దపు జర్మన్ గురువు యోహానెస్ లిష్టెనావర్ తన విద్యను బయటివారికి అంతుపట్టని పద్యాల్లో బిగించాడు. తరువాతి గురువులు వాటికి వివరణలు రాశారు. సూత్రాలూ వ్యాఖ్యలూ ఎరిగిన మనకు ఆ పద్ధతి పరాయిది కాదు. ఇటలీలో ఫియోరె దేయ్ లిబెరి 1409–10 ప్రాంతంలో బొమ్మలతో గ్రంథం కూర్చాడు. యోఆఖిమ్ మేయర్ గ్రంథం 1570లో స్ట్రాస్‌బూర్గ్‌లో అచ్చయింది. ఇంత కట్టుదిట్టమైన చదువును ‘ఖడ్గవిద్య’ అనాలి. ఆ గ్రంథాలు చదివి ఇప్పుడు సాధన చేస్తున్నవారి పనికి మన ‘కత్తిసాము’ చక్కగా అతుకుతుంది.

ఆ విద్యలోని పేర్లను లిప్యంతరీకరించి వదిలేయకండి, తెలుగు వాటికి సిద్ధంగా ఉంది. జర్మన్ గురువులు గాయపరిచే మార్గాలు మూడంటారు. మనకు వేటు, పోటు, కోత అచ్చంగా ఆ మూడే. కుడి భుజం మీది నుంచి ఏటవాలుగా దించే త్సోర్న్‌హావు ‘కోపపు వేటు’. త్స్వెర్ఖ్‌హావు ‘అడ్డవేటు’. క్రుంప్‌హావు ‘వంకర వేటు’. షీల్‌హావు ‘మెల్లకన్ను వేటు’. షైటెల్‌హావులో షైటెల్ అంటే నడినెత్తి, జుట్టును రెండుగా చీల్చే పాపిట కూడా. కాబట్టి అది ‘పాపిట వేటు’. పోరుకు సిద్ధంగా ఖడ్గం పట్టి నిలబడే తీరులు, అంటే నిలుపులు, నాలుగు. తల పక్కన పిడి పెట్టి మొన ఎదుటివాడి ముఖానికి చూపేది ‘ఎద్దు’, నడుము దగ్గర పిడి పెట్టి మొన పైకెత్తేది ‘నాగలి’. మొన నేలకు దించి, ఒళ్ళంతా అప్పగించినట్టు నిలబడి, ఎదుటివాణ్ణి రప్పించేది ‘వెర్రివాడు’. ఖడ్గాన్ని పైకెత్తి పట్టే నాలుగోదాని పేరు ‘ఫోమ్ టాగ్’కు మాటకు మాట పెడితే ‘పగటి నుంచి’ అవుతుంది, తెలుగులో ఏమీ పలకదు. దాన్ని ‘ఎత్తు నిలుపు’ అనండి.