మోకాళ్లూనితే మాట రావడం లేదు

ప్రశ్న: అక్కా, వందనాలు. మా ఆయన ఉద్యోగం పోయి పది నెలలైంది. ఆ టెన్షన్‌లోనే నాకు ఆపరేషన్ కూడా అయింది. మొదట్లో ఉపవాసముండి ప్రార్థించాను. ఇప్పుడు మోకాళ్లూనితే మాట రావడం లేదు. సంఘంలో అందరూ "విశ్వాసముంచు" అంటున్నారు. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయానికి వెనక బల్లలోకి వెళ్లి కూర్చుంటున్నాను. దేవుడు నన్ను విడిచిపెట్టాడా? నేనేమైనా పాపం చేశానా?
- ఒక సోదరి

జవాబు: సోదరీ, ముందు రెండో ప్రశ్న తేల్చేద్దాం. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులూ ఇదే అడిగారు, ఎవరు పాపం చేశారని. వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదన్నాడు ప్రభువు (యోహాను 9). ఫలానా తప్పు అని మనసులో గుచ్చుకుంటుంటే ఒప్పుకోండి. ఏమీ లేకపోతే తవ్వుకుంటూ కూర్చోకండి.

మొదటిదానికి నా సంగతే చెప్పాలి. మా వారు పక్షవాతంతో ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన్ని తిప్పి, మంచం పక్కనే మోకరించేదాన్ని. "ప్రభువా" అనేదాన్ని, అంతే. ఇరవై ఏళ్లుగా స్త్రీల కూడికల్లో ప్రార్థన నడిపించిన నాకే ఈ గతి! కొన్నిసార్లు అలాగే నిద్రపోయి, మంచం పట్టీ నుదుటికి గుచ్చుకుంటే లేచేదాన్ని.

అలాంటి ఒక రోజు బైబిల్లో 88వ కీర్తన తీశాను. 18 వచనాలు. విలాప కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇదీ తిరుగుతుందని వేలు పెట్టి చదువుతూ పోయాను. తిరగలేదు. చీకటి దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు నాకు ఎంత హాయి అనిపించిందో! ఇలాంటి మొరని కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు, చివర ఒక హల్లెలూయ అతికించమనలేదు. పైగా మొదటి వచనంలోనే కీర్తనకారుడు ఆయన్ని రక్షణకర్త అని పిలుస్తాడు. వినేవాడు లేడనుకుంటే ఎవరైనా అంతసేపు మొరపెడతారా?

సహాయం అనగానే మనకి ఏలీయా ప్రవక్త ప్రార్థిస్తే కర్మెలు కొండ మీద దిగిన అగ్ని గుర్తొస్తుంది. ఆ తర్వాతి అధ్యాయం చూడండి (1 రాజులు 19). అదే ఏలీయా చెట్టు కింద కూలబడి నా ప్రాణం తీసేయమంటాడు. దేవదూత వచ్చి విశ్వాసం మీద ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి తట్టి లేపి, ప్రయాణం నీ శక్తికి మించింది, లేచి తిను అన్నాడు. ఆ తిండి బలంతోనే 40 రాత్రింబగళ్లు నడిచి దేవుని కొండ హోరేబు చేరాడు.

మా ఇంటికి వచ్చిన సహాయమూ అలాంటిదే. మా సంఘంలో ఒకామె, పైకి ప్రార్థన చేయాలంటే సిగ్గుపడే మనిషి, వారానికి రెండుసార్లు వచ్చేది. "నువ్వు కాసేపు పడుకో అక్కా" అని నన్ను పక్క గదిలోకి తోసేసి, దుప్పట్లు ఉతికి ఆరేసి, మా వారిని వేళకి తిప్పి వెళ్లేది. ఒక్క వచనం చెప్పలేదు. చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు, కుర్చీలో కూర్చుని. దేవుడు నాతో ఉన్నాడని ఆ రోజుల్లో నాకేమీ తెలియలేదు. ఆమె వచ్చిందని మాత్రం తెలిసేది.

మా వారు కోలుకున్నారా అంటారేమో. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కుడిచెయ్యి రాలేదు. దాని కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మీరు ప్రస్తుతానికి ఉపవాసాలు ఆపండి, ఆపరేషన్ అయిన ఒళ్లు. మాట రానప్పుడు ఆ 88వ కీర్తనే పైకి చదవండి, అదే మీ ప్రార్థన. వెనక బల్లలో కూర్చోవడం తప్పేమీ కాదు. సాక్ష్యం చెప్పమని ఎవరైనా బలవంతపెడితే "ఇంకా గట్టెక్కలేదు, నా కోసం ప్రార్థించండి" అనండి. ఇంకో మాట. ఉత్తరంలో మీ వారి గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆయనకి ప్రార్థన సాగుతోందో లేదో ఈ రాత్రి ఒకసారి అడిగి చూడండి.