అన్నం ముట్టని మా చెల్లి రోజంతా ఫోనులో వంటల ఫొటోలు ఎందుకు చూస్తుంది?

మీ చెల్లికి అనొరెక్సియా నెర్వోసా (లావైపోతామన్న భయంతో తిండి తగ్గించేసుకునే మానసిక జబ్బు) అని డాక్టరు చెప్పారనీ, అయినా అర్ధరాత్రి దాకా బిర్యానీ ఫొటోలు చూస్తూనే ఉంటుందనీ, "అంత ఇష్టముంటే తినవచ్చు కదా, ఇదంతా నాటకం" అని మీ నాన్నగారు కోప్పడుతున్నారనీ రాశారు. నాటకం కాదండీ. ముందుగా ఆ మాట నాన్నగారికి చెప్పండి. 2016లో నేనూ అలాగే ఉండేదాన్ని.

అప్పుడు మేము నల్లకుంటలో ఉండేవాళ్లం. రంజాన్ నెలలో సాయంత్రం బస్సు దిగి హలీం బట్టీ ముందు నిలబడిపోయేదాన్ని. పెద్ద కర్రలతో గోధుమలనూ మాంసాన్నీ దంచుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయేదాన్ని. ఫొటో తీసుకుని, కొనకుండా ఇంటికి వచ్చేసేదాన్ని. ఇంట్లో అమ్మ ముద్దపప్పు అన్నం ముందు పెడితే గుండె దడదడలాడేది. నెయ్యి కరిగి అంచుకు జారుతుంటే, అది తాకిన మెతుకులేవో గుర్తుపెట్టుకుని ఒక్కొక్కటే పక్కకు తీసేదాన్ని. ఫొటోలో నెయ్యి చూస్తే నోరూరేది, కంచంలో నెయ్యి చూస్తే వణుకు వచ్చేది.

చూడాలన్న ఆ తపనలో చాలా భాగం పస్తులదే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టి గమనించారు. అంతకుముందు వంట మీద ఏ ఆసక్తీ లేనివాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, రోజంతా తిండి గురించే మాట్లాడుకున్నారు. వాళ్లకు తిండికి సంబంధించిన మానసిక జబ్బు (ఈటింగ్ డిజార్డర్) ఏదీ లేదు. ఒంటికి తిండి చాలకపోతే మెదడు చూపును తిండి వైపే లాగుతుంది.

వాళ్లకు లేనిదీ మీ చెల్లికి ఉన్నదీ భయం. అనొరెక్సియా ఉన్నవాళ్లకు తిండి ఫొటోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేసిన పరిశోధనలు చాలా జరిగాయి. రుచినీ ఒంటి లోపలి స్థితినీ పసిగట్టే ఇన్సులా, భయంతో ముడిపడిన అమిగ్డాలా వంటి భాగాల్లో తేడాలు కనిపించాయి. అయితే ఫలితాలన్నీ ఒకేలా లేవు. కడుపు ఖాళీగా ఉందా, జబ్బు ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంటాయి. నా మనసుకు బాగా పట్టింది 2015లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరిశోధన. ఫొటోలు చూపించి ఏది తింటారో ఎంచుకోమన్నప్పుడు, అనొరెక్సియా ఉన్న మహిళల్లో అలవాట్లను నడిపే డార్సల్ స్ట్రయేటమ్ అనే భాగం మిగతావాళ్లలో కంటే ఎక్కువగా పనిచేసింది. మెతుకులు పక్కకు తీసిన నా చేయి గుర్తొచ్చింది. అది ఆలోచించి చేసిన పని కాదు, చేయి తనంతట తానే చేసేది. అందుకే ఎవరు ఎంత నచ్చజెప్పినా నాకు ఎక్కేది కాదు.

మేము మొదట వెళ్లిన డాక్టరు "పెళ్లయితే సర్దుకుంటుంది" అని పంపించేశారు. ఆ మాటతో నాలుగు నెలలు పోయాయి. మీకు జబ్బు పేరు ఇప్పటికే తెలిసింది కాబట్టి సైకియాట్రిస్టు, డైటీషియన్ ఇద్దరూ కలిసి చూసేలా పట్టుబట్టండి. తిండి మాత్రం ఉన్నట్టుండి ఎక్కువ పెట్టకండి. చాలాకాలం పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి అందితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. రక్తపరీక్షలు, ఈసీజీ చేయించి, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే పెంచాలి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లకు దిక్కుతోచనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. (నా బరువు ఎంతకు పడిపోయిందో కావాలనే రాయడం లేదు. ఇది మీ చెల్లి కంటపడితే ఆ అంకెతో పోటీ పడుతుంది.)

ఫోను లాక్కోవాలా అని అడిగారు. వద్దు. మా నాన్న లాక్కుంటే నేను పాత వారపత్రికల్లో వంటల పేజీలు చింపి దాచుకున్నాను. అమ్మ మాత్రం రోజూ తన కంచం తెచ్చుకుని నా పక్కనే కూర్చునేది. నా కంచం వైపు చూసేది కాదు. తను తింటూ, మార్కెట్లో ఆ రోజు బెండకాయల ధర ఎంతుందో, పక్కింటివాళ్ల పాప ఏమన్నదో చెబుతూ, నా ఆఖరి ముద్ద అయ్యేదాకా ఎంతసేపైనా లేచేది కాదు.