కుండ తప్పు కాదు, మీ ఊరి గాలి తప్పు

కాకినాడలో ఉంటున్నాం, మట్టి కుండ కొని నాలుగు రోజులైంది, నీళ్లు కుళాయి నీళ్లలాగే ఉన్నాయి, కుండ నకిలీదా, ఇంకోటి కొనాలా అని కదా మీ ప్రశ్న. కొనకండి. ఇదే అనుమానంతో నేను కుండలమ్మే ఆవిడతో గొడవకి వెళ్లి పరువు పోగొట్టుకుని వచ్చినవాణ్ణి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను పుట్టి పెరిగింది అనంతపురం. మా ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా ఎండాకాలం ఎవరూ దాని మొహం చూసేవాళ్లు కాదు, వరండాలో ఇసుక మీద కుండ, దానికి తడిగుడ్డ, అంతే, గొంతులో దిగుతుంటే పళ్లు జివ్వుమనేవి. ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చాక అదే అలవాటుతో పది లీటర్ల కుండ కొని వంటింటి మూలలో, సిమెంటు గట్టు మీద పెట్టా. మొదటి రోజు నానబెట్టాను, రెండో రోజు నీళ్లు పోశాను, వారం గడిచినా చల్లదనం లేదు. కుండ సరిగా కాల్చలేదనో, లోపల ఏదో పూత పూశారనో అనుకుని ఆదివారం పొద్దున్నే దాన్ని చంకనెత్తుకుని వెళ్లా. ఆవిడ నా మాట మొత్తం విని, "ఏటి బాబూ, గాలి తగలకుండా మూలకి నెట్టేసి సల్లబడలేదంటే కుండేటి సేస్తాది?" అంది. పక్కన కొబ్బరిబోండాలాయన నవ్వాడు. కుండతో సహా తిరిగొచ్చేశా.

ఆవిడ చెప్పింది సగం నిజం. మిగతా సగం నాకు తర్వాత తెలిసింది.

ముందు ఒక విషయం. కుండలో చల్లదనం ఏమీ ఉండదు, మట్టికి చలవ గుణం ఉందని చాలామంది అంటారు కానీ మట్టి చేసేదల్లా నీళ్లని సన్నటి రంధ్రాల గుండా బయటికి చెమర్చనివ్వడమే. ఆ చెమ్మ ఆవిరైపోయేటప్పుడు వేడి కావాలి, ఆ వేడిని చాలావరకు కుండలోని నీళ్ల నుంచే లాక్కుంటుంది. నీళ్లు ఆవిరి కావాలంటే 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన పని లేదు, దండెం మీద చీర ఆరడం కూడా ఇదే. ఆవిరవడానికి నీళ్లు తీసుకునే ఆ వేడినే పదో తరగతిలో గుప్తోష్ణం అని బట్టీ పట్టామే, అదే ఇక్కడ అసలు కథంతా. 30 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 580 కేలరీలు పడుతుంది. అది ఎంతంటే, మీ పది లీటర్ల కుండలోంచి ఒక్క గ్లాసు, అంటే 200 మి.లీ. నీళ్లు ఆవిరైతే, బయటి నుంచి వేడి ఏమీ చొరబడకపోతే, మిగిలిన నీళ్లన్నీ దాదాపు 12 డిగ్రీలు చల్లబడతాయి. ఒక్క గ్లాసుకి! నీటి అణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుని ఉంటాయి మరి, విడిపించడానికి అంత వేడి పోయాల్సి వస్తుంది. శానిటైజర్ చేతికి రాసుకుంటే నీళ్లకన్నా చల్లగా అనిపిస్తుంది కదా అని ఎవరైనా అడగొచ్చు, అది గబగబా ఆరిపోతుంది కాబట్టి అలా అనిపిస్తుంది, గ్రాముకి లెక్కేస్తే ఆల్కహాల్ తీసుకునే వేడి నీళ్లు తీసుకునే దాంట్లో సగం కూడా ఉండదు.

నిజానికి బయటి నుంచి వేడి వస్తూనే ఉంటుంది, అందుకే ఒక గ్లాసుతో సరిపోదు, రోజంతా ఆవిరవుతూనే ఉండాలి. అనంతపురంలో మా కుండలో రోజుకి లీటరు దాకా ఊరికే తగ్గిపోయేది, మనకన్నా ముందు కుండే తాగేస్తుంది అని అమ్మ అంటూ ఉండేది.

సరే, ఆవిడ మాట విని కుండని బాల్కనీలోకి మార్చాను, నీడలో, కింద స్టాండు వేసి, తడిగుడ్డ చుట్టి. కాస్త మెరుగైంది, కానీ అనంతపురం చలవ రాలేదు. అప్పటికి నాకు పంతం వచ్చేసింది. గోడకి తగిలించే చిన్న మీటర్ ఒకటి కొన్నా, వేడి, గాలిలో తేమ రెండూ చూపిస్తుంది, పాలు తోడుపెట్టడానికి వాడే థర్మామీటర్ ఎలాగూ ఇంట్లో ఉంది. మే నెలలో ఒక మధ్యాహ్నం చూస్తే బాల్కనీలో 34 డిగ్రీలు, తేమ 72 శాతం, కుండలో నీళ్లు 31. మూడంటే మూడు డిగ్రీలు. ఆ తర్వాతి వారం ఊరికి వెళ్తూ ఆ కుండనే లుంగీలో చుట్టి రైల్లో తీసుకెళ్లా. అమ్మ గుమ్మంలోనే "ఏం రా, ఈడ కుండలు దొరకవని మోసుకొచ్చినావా?" అంది. మా వరండాలో 40 డిగ్రీలు, తేమ 18 శాతం. మర్నాడు మధ్యాహ్నానికి అదే కుండలో నీళ్లు 25. అదే మట్టి, అదే రంధ్రాలు, అదే తడిగుడ్డ. బయట ఆరు డిగ్రీల వేడి ఎక్కువున్న ఊళ్లో నీళ్లు ఆరు డిగ్రీలు ఎక్కువ చల్లగా ఉన్నాయి!

కిటుకు ఏమిటంటే, ఆవిరిని తీసుకోవాల్సింది గాలి. సముద్రపు గాలి అప్పటికే తేమతో కడుపు నిండి ఉంటుంది, ఇంకా ఆవిరి ఎక్కడ పడుతుంది? రాయలసీమ వడగాలికి ఎప్పుడూ దాహమే. ఇలా ఆవిరి వల్ల నీళ్లు ఎంతవరకు చల్లబడగలవో దానికి ఒక కింది హద్దు ఉంటుంది, దాన్నే తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. నేను చూసిన లెక్కల ప్రకారం ఆ రోజు విశాఖలో అది 29, 30 మధ్య, అనంతపురంలో 22 దగ్గర. ఎంత మంచి కుండైనా ఆ హద్దు దాటి కిందికి పోలేదు, దానికి ఒకటి నుంచి మూడు డిగ్రీలు పైనే ఆగిపోతుంది. నా కుండ విశాఖలో కూడా తన పని తాను చేసింది పాపం, దిగడానికి అక్కడ మెట్లే లేవు.

ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. థర్మామీటర్ మొనకి తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాను గాలికి ఐదు పది నిమిషాలు పట్టుకోండి, అంకె దిగి దిగి ఒకచోట ఆగుతుంది. మీ కుండ మీకు ఇవ్వగలిగిన చల్లదనం దాదాపు అంతే. నీళ్ల కూలర్ కొందామా అనే ఆలోచన ఉన్నా ముందు ఈ పరీక్ష చెయ్యండి, ఎందుకంటే కూలర్ కూడా ఫ్యాను పెట్టిన కుండే. వెనకటి రోజుల్లో కిటికీలకి కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడికలదీ ఇదే సూత్రం. పొడి ఎండలకి అవి అద్భుతం, ఉక్కపోత ఊళ్లో కూలర్ వేస్తే గది ఇంకాస్త జిడ్డుగా తయారవుతుంది. విశాఖలో 34 డిగ్రీలకే నాకు ప్రాణం పోయినట్టుండటానికీ, అనంతపురంలో 40 తట్టుకోగలగడానికీ కారణం కూడా ఇదే, మన ఒళ్లూ ఒక కుండే, చెమట ఆరితేనే చలవ.

అన్నట్టు, మీ ఊళ్లో ఫ్రిజ్ నీళ్లు గ్లాసులో పోస్తే రెండు నిమిషాల్లో బయటంతా చెమ్మ కారుతుంది చూశారా? అది కుండ పని తలకిందులైనట్టు. ఆవిరి నీరుగా మారుతూ, తాను ఒకప్పుడు తీసుకున్న వేడిని గ్లాసుకి వదిలేస్తుంది. ఒక చెంచాడు, అంటే 5 గ్రాముల చెమ్మ పేరుకుంటే, అది వదిలే వేడి 200 మి.లీ. నీళ్లని 14 డిగ్రీలు పెంచడానికి సరిపోతుంది. మజ్జిగ అంత తొందరగా వెచ్చబడేది అందుకే. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు మొహం పక్కకి పెట్టమని పెద్దవాళ్లు అరిచేదీ అందుకే. మరిగే నీళ్లు ఒక గ్రాము మీద పడి ఒంటి వేడికి దిగేలోపు 60 కేలరీల పైచిలుకు ఇస్తే, అదే 100 డిగ్రీల ఆవిరైతే నీరుగా మారడంలోనే ఇంకో 540 వదులుతుంది. నా ఎడమ మణికట్టు మీద మచ్చ సాక్ష్యం.

ఇక మీరు చెయ్యగలిగినవి. కుండని వంటింట్లోంచి తీసి గాలి ఆడే చోట నీడలో పెట్టండి, స్టాండు మీద ఉంటే అడుగు కూడా చెమరుస్తుంది. రంగులు, ముగ్గులు వేసిన కుండైతే మాత్రం మీ అనుమానం నిజమే కావచ్చు, పెయింటు రంధ్రాలు మూసేస్తుంది. సబ్బు పెట్టకండి, నీళ్లలోని ఉప్పు పేరుకుని బయట తెల్లగా కనిపిస్తే కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే చాలు. పైన చెయ్యి పెడితే తడి తగలాలి, పొడిగా ఉంటే నీళ్లు రంధ్రాల్లోంచి రావట్లేదని అర్థం. ఇన్ని చేసినా కాకినాడలో మే నెలలో మూడు నాలుగు డిగ్రీలకి మించి ఆశపడకండి. పొడిగాలి వీచిన రోజు మాత్రం గమనించండి, తేడా మీకే తెలుస్తుంది.

నా కుండ తిరిగి విశాఖ రాలేదు, అమ్మ దగ్గరే ఉంది. ఇక్కడ ఫ్రిజ్ నీళ్లే తాగుతున్నా.