నెల నిండని బాబు ఉలిక్కిపడి చేతులు చాచి ఏడుస్తున్నాడు, ఇది దడుపా, ఫిట్సా?

మీ బాబుకు 22 రోజులని రాశారు. కుక్కర్ విజిల్ వేసినా, ఎత్తుకున్నవాణ్ణి మంచం మీద పడుకోబెడుతున్నా చేతులు రెండూ బార్లా చాచి ఏడుస్తున్నాడని, ఇంట్లో పెద్దవాళ్లు దడుపు అంటుంటే మీకేమో ఫిట్స్ అని అనుమానంగా ఉందని అన్నారు. నేను డాక్టర్ని కాదు. కానీ మా వాడితో సరిగ్గా ఇదే టెన్షన్ పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

పురిటికి తెనాలిలో మా అమ్మగారింట్లో ఉన్నాను. అమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, వాణ్ణి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది. బోర్లా ఉన్నంతసేపూ హాయిగా ఉండేవాడు. వెల్లకిలా తిప్పేటప్పుడు తల రవ్వంత వాలిందా, అంతే! చేతులు పక్కలకు విసిరి, వేళ్లు విప్పి, మళ్లీ ఎవరినో వాటేసుకుంటున్నట్టు గుండెల దగ్గరికి తెచ్చుకుని, అప్పుడు రాగం అందుకునేవాడు. పక్కింటి మామ్మగారు పిల్లాడు దడుచుకున్నాడని తేల్చి, పక్క కింద ఇనప అట్లకాడ పెట్టించింది. రెండో రాత్రికే అది నాకు గుచ్చుకుంది.

ఆరు వారాల టీకాకు వెళ్లినప్పుడు పిల్లల డాక్టరుగారికి ఈ సంగతి చెప్పాను. ఆవిడ వాడి తలను అరచేతిలో పట్టుకుని, కావాలనే కొద్దిగా కిందికి వదిలి వెంటనే పట్టుకున్నారు. చేతులు ఠక్కున లేచాయి. "ఇలా లేవకపోతే నేను కంగారుపడాలమ్మా" అన్నారు. దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారట. రిఫ్లెక్స్ అంటే మనం అనుకోకుండానే ఒళ్లు తనంతట తానే కదలడం. ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల వైద్యుడు 1918లో దీని గురించి రాశాడు. ఆవిడ చూసింది రెండు చేతులూ సమానంగా లేస్తున్నాయా అని. ఒక్క చెయ్యే లేస్తే, కాన్పులో భుజం దగ్గరి నరాలు సాగి దెబ్బతినడమో, మెడ కింది ఎముక విరగడమో జరిగి ఉండొచ్చట.

ఇది బిడ్డ దడుచుకుని చేసే పని కాదు. తల పడిపోతోందన్న కబురు లోపలి చెవి నుంచి మెదడు కాండానికి (మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే భాగం), అక్కడి నుంచి వెన్నుపాము మీదుగా చేతులకు వెళ్తుంది. ఆలోచించే పైమెదడు దాకా పోయి అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. మనకూ ఇలాంటివి ఉన్నాయి. వేడి పెనానికి చెయ్యి తగిలితే ముందు చెయ్యి వెనక్కి వస్తుంది, "అబ్బా" అన్నది తర్వాత. ఆ నిర్ణయం వెన్నుపాముది. మోకాలి కింద సుత్తితో కొట్టినప్పుడైతే కబురు తెచ్చే నరానికీ, కండరాన్ని కదిలించే నరానికీ మధ్య ఒక్కటే అతుకు. అందుకే సెకనులో ముప్పయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా కండరం బిగుస్తుంది. అదే కంటితో చూసి కావాలని కదపాలంటే దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది.

మీ వాడు జడ పట్టుకుంటే వదలడం లేదా? అదీ రిఫ్లెక్సే. 1891లో లూయీ రాబిన్సన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 60 మందికి పైగా పసికందులకు వేలో కర్రో అందించి వేలాడదీశాడు. ఇద్దరు తప్ప అందరూ కనీసం 10 సెకన్లు వేలాడారట! ఆ తల్లులు ఎలా ఒప్పుకున్నారో. మీరు మాత్రం చెయ్యకండి.

ఇవన్నీ నెలలు గడిచేకొద్దీ పోతాయంటారు గానీ, నిజానికి ఎదిగిన మెదడు అదుపులో అణిగి ఉంటాయి. మా తాతయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు డాక్టరు ఆయన అరికాలి మీద సుత్తి పిడితో గీశారు. బొటనవేలు కిందికి ముడుచుకోకుండా పైకి లేచింది. డాక్టరు ముఖం మారిపోవడం నాకింకా గుర్తుంది. ఆరేళ్ల తర్వాత మా వాడి అరికాలికి నూనె రాస్తుంటే అదే బొటనవేలు, అలాగే లేచింది. గుండె ఝల్లుమంది. 1896లో బాబిన్‌స్కీ అనే ఫ్రెంచ్ నరాల వైద్యుడు చెప్పిన గుర్తు ఇది. పసివాళ్లలో మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఇంకా పూర్తిగా పట్టదు కాబట్టి ఏడాది, రెండేళ్ల వరకూ ఇది మామూలే. తాతయ్యలో ఆ దారే దెబ్బతింది.

ఇక మీ వాడి సంగతి. ఉలికిపాటు మూడు నుంచి ఆరు నెలల లోపు తగ్గిపోతుంది. పడుకోబెట్టేటప్పుడు ముందు పిర్రలు, తర్వాత వీపు, చివర తల ఆనించండి. చేతులు గుండెల మీదకు చేర్చి, మీ అరచెయ్యి కాసేపు అక్కడే ఉంచండి. మాకు సగం ఏడుపు దీంతోనే తగ్గింది.

చప్పుడూ కుదుపూ లేకుండానే వస్తున్నా, పట్టుకున్నా ఆగకపోయినా, ఒకదాని వెంట ఒకటి వరుసగా వస్తున్నా, కళ్లు ఒక పక్కకు తిరిగిపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా అది వేరే సంగతి, ఫిట్స్ కావచ్చు. ఫోన్‌లో వీడియో తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆరు నెలలు దాటినా ఉలికిపాటు అలాగే ఉంటే అప్పుడూ చూపించండి.