ఊరికే వచ్చిన 160 ఎకరాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా 1862 హోమ్‌స్టెడ్ చట్టం మీద గత సంచికలో వేసిన వ్యాసానికి చాలా ప్రశ్నలొచ్చాయి. ఆ వ్యాసం చదవనివాళ్ల కోసం ఒక్క ముక్క: ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలు పేరు మీద రాయించుకుని, అయిదేళ్లు అక్కడే కాపురముండి సాగుచేస్తే పట్టా ఇస్తామన్నది ఆ చట్టం. లింకన్ సంతకం చేసింది 1862 మే 20న, అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న.

కనుచూపు మేర గడ్డి తప్ప ఏమీ లేనిచోట నా 160 ఎకరాలు ఇవీ అని ఎలా తెలుసుకునేవాళ్లు? – నంద్యాల పాఠకుడు

జనం కంటే ముందు సర్వేయర్లు వెళ్లేవాళ్లు. 1785 నాటి భూమి ఆర్డినెన్స్ ప్రకారం నేలను ఆరు మైళ్ల చదరాలుగా కోశారు. ఒక్కో చదరం ఒక టౌన్‌షిప్, దాన్లో 36 సెక్షన్లు, సెక్షన్‌కి 640 ఎకరాలు. అందులో నాలుగో వంతే ఈ 160. కొలిచింది 66 అడుగుల గంటర్ గొలుసుతో: 80 గొలుసులైతే మైలు, 10 చదరపు గొలుసులైతే ఎకరం. మన ఎకరం కూడా అదే కాబట్టి 160 ఎకరాలంటే 6400 గుంటలు.

మూలల్లో రాయో కొయ్యో పాతేవాళ్లు, అవి దొరక్కపోతే మట్టి దిబ్బపోసి పక్కన గుంతలు తీసేవాళ్లు. కార్చిచ్చుకు కొయ్యలు కాలిపోయినా దిబ్బలూ గుంతలూ మిగిలేవి. దొరికిన మూల నుంచి మిగతా హద్దు పట్టుకోవడానికి బండి చక్రానికి గుడ్డపీలిక కట్టి, అది ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెడుతూ బండి తోలేవాళ్లు. చక్రం చుట్టుకొలత 12 అడుగులైతే అర మైలుకు 220 చుట్లు. గడ్డి దుబ్బుల మీద చక్రం ఎగిరిపడినా, ఎద్దులు పక్కకు లాగినా లెక్క తప్పుతుంది. అందుకే బావి తవ్వేముందు హద్దు మరోసారి సరిచూసుకోవడం తెలివైన పని.

భూమి చదరంగానే ఉండాలన్న నియమం లేదు. నలభై ఎకరాల ముక్కలు నాలుగు ఆనుకుని ఉంటే చాలు. మొట్టమొదటి క్లెయిమ్‌దారుగా పేరుపడ్డ డేనియల్ ఫ్రీమన్ నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గర తీసుకున్నది ఇలాంటిదే: వరసగా మూడు ముక్కలు, నడిమి ముక్కకు పైన నాలుగోది. అక్కడ కబ్ క్రీక్ అనే వాగు పారుతోంది, ఆయన దాన్ని చూసే ముక్కలు ఎంచుకున్నాడు. గడ్డినేలలో వాగున్న చోటే నీళ్లూ, దుంగలూ, వంటచెరకూ.

నిజంగా ఉచితమేనా? ఫీజులు, షరతులు చెప్పగలరా? – ఖమ్మం పాఠకురాలు

దరఖాస్తు రోజున 10 డాలర్లు, ల్యాండ్ ఆఫీసు కమిషన్ 2 డాలర్లు, చివర పట్టాకు 6. మొత్తం 18 డాలర్లు. 21 ఏళ్లు నిండినవాళ్లు గానీ కుటుంబ పెద్ద గానీ అర్హులు. పెళ్లికాని ఆడవాళ్లూ, వితంతువులూ తమ పేరనే తీసుకున్నారు. భర్తతో కాపురం చేస్తున్న ఇల్లాలికి మాత్రం విడిగా రాదు. అమెరికా పౌరులై ఉండాలి, లేదా పౌరసత్వం తీసుకుంటానని ప్రమాణపత్రం ఇచ్చి ఉండాలి. అమెరికా మీద ఆయుధం పట్టి ఉండకూడదు.

గడువులోనే చాలామంది దెబ్బతిన్నారు. కూలికి వెళ్లి ఒకేసారి ఆరు నెలలకు మించి ఇంట లేకపోతే, ఎవరో ఒకరు 'వదిలేసిపోయాడు' అని ల్యాండ్ ఆఫీసులో ఫిర్యాదు వేసి క్లెయిమ్ ఎగరేసుకుపోవచ్చు. అయిదేళ్లు నిండాక రెండేళ్ల లోపు, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లను సాక్షులుగా తీసుకెళ్లి కాపురం, సాగు రుజువు చేయాలి.

ఆగలేనివాళ్లకు అడ్డదారి ఉంది: ఆరు నెలలుండి, ఎకరాకు 1.25 డాలర్ల చొప్పున 200 డాలర్లు కట్టేస్తే పట్టా చేతికొస్తుంది. కలప కంపెనీలు, పశువుల ఆసాములు కూలి మనుషుల పేర్లతో భూములు లాగింది ఎక్కువగా ఈ దారినే. 1891లో ఆ ఆరు నెలలను 14 నెలలు చేశారు. కాగితం మీద ఇల్లు '12 బై 14' అని రాసి, అడుగులు కాదు అంగుళాల బొమ్మరిల్లు పెట్టి ప్రమాణం చేసిన ఘనుల కథలు కూడా చెబుతారు.

చెట్టే లేని చోట ఇల్లెలా కట్టారు? మన మట్టి మిద్దెలాంటిదేనా? – అనంతపురం పాఠకుడు

గోడ వేరు. మనం మట్టి తొక్కి గోడ పెడతాం, వాళ్లు నేలను గడ్డి వేళ్లతో సహా పెళ్లలుగా కోసి పేర్చారు. ఆ పెళ్లను పట్టి ఉంచేది వేళ్ల అల్లికే.

వానపడి నేల మెత్తబడ్డాక కోత మొదలవుతుంది. గ్రాస్‌హాపర్ అనే నాగలికి మట్టి తిప్పే రెక్క బదులు ఇనుప కడ్డీలుంటాయి. అది అడుగు వెడల్పు, మూడు నాలుగు అంగుళాల మందంతో గడ్డినేలను పొడవాటి పట్టీలా కోసి, చెదరకుండా పరుస్తుంది. దాన్ని పారతో రెండు మూడు అడుగుల ముక్కలు కొడతారు. ఏరోజుకు పేర్చగలిగినంత ఆరోజే కోయాలి, ఎండితే అంచులు పొడిపొడిగా రాలిపోతాయి.

పేర్చేటప్పుడు గడ్డివైపు కిందికి. గోడ మందం రెండు మూడు అడుగులు, సందు మీద సందు పడకూడదు, రెండు మూడు వరసలకొకసారి పెళ్లలు అడ్డంగా వేసి గోడను కట్టిపడేయాలి. 16 అడుగులకు 20 అడుగుల ఇంటికి ఎకరం నేల దాకా కోసేవాళ్లు, గోడల బరువు 90 టన్నుల దాకా ఉంటుందంటారు. గోడ ఆరేకొద్దీ కిందికి కుంగుతుంది. కాబట్టి కిటికీ చట్రం పైన కొన్ని అంగుళాల ఖాళీ వదిలి గడ్డో గుడ్డలో కుక్కాలి. ఆ ఖాళీ మరిచిపోతే గోడ బరువంతా చట్రం మీద పడి అద్దం పగులుతుంది.

అసలు బాధ పైకప్పుది. నడిదూలం మీద కొమ్మలు, రెల్లు పరిచి, వాటిమీద మళ్లీ పెళ్లలే వేశారు. రాయలసీమ మిద్దెకు చౌడు ఉంటుంది, తడిస్తే బిగిసి నీటిని ఆపుతుంది. వీళ్ల కప్పుకు అలాంటిదేమీ లేదు. వాన వెలిశాక కూడా ఒకట్రెండు రోజులు లోపల బురదనీళ్లు కారేవి. తడిసిన కప్పు బరువుకు దూలం విరిగితే ఇల్లు మీద పడినట్టే. రాలే మట్టీ, అప్పుడప్పుడూ జారిపడే పాములూ మంచం మీద పడకుండా కప్పు కింద పల్చటి గుడ్డ కట్టేవాళ్లు. ఇంత తిట్టాక ఒక మంచి మాట: ఎండాకాలం చల్లగా, మంచుకాలం వెచ్చగా ఉండే ఇల్లు అది. పొయ్యిలోకి ఎండిన పశువుల పేడ, మొక్కజొన్న బెండ్లు, మెలిపెట్టిన ఎండుగడ్డి.

అది ఖాళీ భూమేనా? – విశాఖ పాఠకురాలు

కాదు. ఫ్రీమన్ ఉన్న జిల్లా సంగతే చూడండి: ఓటో–మిజూరియా అనే ఆదివాసీ తెగ 1854 ఒప్పందంలో ఆ ప్రాంతాన్ని అమెరికాకు వదులుకుని బిగ్ బ్లూ నది పక్కన తమకు కేటాయించిన భూమికి (దాన్నే అక్కడ రిజర్వేషన్ అంటారు) పరిమితమైంది. 1881లో అక్కణ్ణుంచి కూడా ఇప్పటి ఓక్లహామాకు తరలింది. 1887 డాస్ చట్టం రిజర్వేషన్లను కుటుంబానికి 160 ఎకరాల లెక్కన పంచి, 'మిగులు' భూమిని బయటివాళ్లకు తెరిచింది. 1887లో దాదాపు 13.8 కోట్ల ఎకరాలున్న ఆదివాసీ భూమి 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయింది.

అప్పట్లో భారతీయులెవరైనా తీసుకుని ఉండవచ్చా? – డాలస్ పాఠకుడు

పౌరసత్వానికి అర్హత లేనిదే క్లెయిమ్ లేదు. పౌరసత్వ చట్టం ఆ అర్హతను మొదట తెల్లవాళ్లకే, 1870 నుంచి ఆఫ్రికా సంతతికి కూడా ఇచ్చింది. కొందరు భారతీయులకు కింది కోర్టులు పౌరసత్వం ఇచ్చినా, 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో సుప్రీంకోర్టు తలుపు మూసేసింది. అది తిరిగి తెరుచుకున్నది 1946లో.

అంత భూమి పెట్టుకుని ఎందుకు వదిలేసి పోయారు? – మహబూబ్‌నగర్ పాఠకుడు

160 ఎకరాల లెక్క తూర్పు రాష్ట్రాల వానలకు సరిపోయేది. నూరో రేఖాంశం (అమెరికాను ఇంచుమించు నడిమికి కోసే గీత) దాటి పశ్చిమానికి వెళ్తే ఏడాదికి 20 అంగుళాల వాన కూడా అనుమానమే. దున్నితే వానలు వాటంతటవే వస్తాయని రైలు కంపెనీలూ, భూముల దళారులూ ప్రచారం చేశారు. జనం నమ్మారు.

మొదటి ఏడాది సాగులోకొచ్చేది కొద్ది ఎకరాలే. గడ్డినేలను మే, జూన్ నెలల్లో రెండు మూడు అంగుళాలు మాత్రమే పైపైన తిరగేయాలి, అప్పుడే గడ్డి కుళ్లుతుంది. గొడ్డలితో పెళ్లకు గాటుపెట్టి అందులో మొక్కజొన్న గింజ వేసేవాళ్లు. ఆ పంట మీద అప్పు తెచ్చాక 1874 లాంటి మిడతల దండు వస్తే ఇక బండి కట్టడమే.

పొడి నేలలో పశువుల మీద బతకాలంటే కుటుంబానికి 2560 ఎకరాలు కావాలని పశ్చిమ ప్రాంతాలను సర్వే చేసిన జాన్ వెస్లీ పావెల్ 1878లోనే నివేదిక ఇచ్చాడు. ప్రభుత్వం నెమ్మదిగా కదిలింది: 1909లో 320 ఎకరాలు, 1916లో పశుపోషణకు 640. ఈ చివరి చట్టంలో ఒక మెలిక ఉంది. పైనేల మాత్రమే రైతుది, కింది బొగ్గు, ఖనిజాలు ప్రభుత్వానివి. అందుకే వయోమింగ్ లాంటి చోట్ల తాతల నాటి పట్టా చేతిలో ఉన్నా, ప్రభుత్వం నుంచి లీజు తీసుకున్న కంపెనీ వచ్చి పొలంలో తవ్వుతుంటే నష్టపరిహారం అడగ్గలరు గానీ ఖనిజంలో వాటా అడగలేరు.