బ్రేక్ తాకితే ఆగే టకటక

ప్రశ్న: మా చిన్న కారు కొని ఆరేళ్లయింది. కొన్నాళ్లుగా ముందు ఎడమ చక్రం వైపు టకటకమని చప్పుడు వస్తోంది. ఒకరోజు వస్తుంది, రెండు రోజులు రాదు. నున్నటి రోడ్డు మీద ఏమీ ఉండదు, చిన్న చిన్న గతుకుల్లో నెమ్మదిగా వెళ్తుంటే మొదలవుతుంది. బ్రేక్ మీద కాలు పెడితే ఆగిపోతుంది. బ్రేకులు మాత్రం బాగానే పడుతున్నాయి, ప్యాడ్లు కూడా ఈమధ్యే మార్పించాను. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బండి నోరు మెదపదు. షాక్ అబ్జార్బర్లు మార్చారు. కొద్దిరోజులు బాగుంది, మళ్లీ మామూలే. ఇప్పుడు స్టీరింగ్ ర్యాక్ మార్చాలంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: స్టీరింగ్ తిప్పితే ఆ కదలికను చక్రాలకు చేర్చే ఆ ర్యాక్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అసలు సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. బ్రేక్ మీద కాలు పెడితే చప్పుడు ఆగుతోందని మీరే రాసి, బ్రేకులు బాగున్నాయి కదా అని దాన్ని పక్కన పెట్టేశారు. బ్రేక్ బాగా పడటం వేరు, బ్రేక్ సామాను కదలకుండా కూర్చోవడం వేరు.

చక్రంతో పాటు తిరిగే డిస్క్‌కు అటూ ఇటూ ప్యాడ్లు ఉంటాయి, వాటిని డిస్క్‌కు అదిమేది కాలిపర్. ప్యాడ్ల చివరలు కాలిపర్ బ్రాకెట్ గాడుల్లో కూర్చుంటాయి. చాలా బండ్లలో ఆ గాడుల్లో పల్చటి స్టీలు క్లిప్పులుంటాయి. ప్యాడ్‌ను స్ప్రింగులా అదిమి పట్టుకోవడం వాటి పని. ప్యాడ్లు మార్చేటప్పుడు తుప్పు పట్టిన పాత క్లిప్పులే మళ్లీ వేయడమో, అసలు వేయడమే మర్చిపోవడమో తరచుగా జరిగేదే. అప్పుడు ప్యాడ్ గాడిలో వదులై గతుకు తగిలినప్పుడల్లా టకటక కొట్టుకుంటుంది. బ్రేక్ తొక్కగానే ప్యాడ్లు డిస్క్‌ను పట్టేస్తాయి, ఆడటానికి సందు ఉండదు. మెకానిక్ షెడ్డులో బండి నిలబెట్టి ఇంజిన్ ఎంత రేజ్ చేసినా ఈ చప్పుడు రాదు, అక్కడ గతుకులేవీ? కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన పిన్నులు అరిగినా ఇదే వరస.

అయితే ఇక్కడో మెలిక ఉంది. బ్రేక్ తొక్కాలంటే ముందు యాక్సిలరేటర్ వదలాలి. చప్పుడు ఆగింది బ్రేక్ వల్లో, యాక్సిలరేటర్ వదలడం వల్లో తేల్చుకోవాలి కదా! వెనక బండ్లు లేని గతుకుల దారిలో 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, టకటక మొదలవగానే యాక్సిలరేటర్ మాత్రం వదలండి. అప్పుడే ఆగిపోతే ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగుల వైపు చూడాలి. ఆగకపోతే, బండి వేగం పెద్దగా తగ్గనంత తేలిగ్గా బ్రేక్ మీద కాలు ఆనించండి. అప్పుడు ఆగి, కాలు తీయగానే మళ్లీ వస్తే దొంగ దాదాపు దొరికినట్టే. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకండి, పదేపదే అలాగే జరగాలి.

దానికీ ఆగకపోతే నా తర్వాతి అనుమానం లింక్ రాడ్ల మీద. బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని రెండు చక్రాల వైపూ కలిపే చిన్న రాడ్లివి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు వాటి మీద పెద్దగా బరువు పడదు, ఒక చక్రం మాత్రమే గుంటలో దిగితే పడుతుంది. కాబట్టి స్పీడ్ బ్రేకర్ మీద ఊరుకుని ఒంటిపక్క గుంటలో మాత్రమే కొట్టుకుంటే వాటిని చూపించండి. స్టీరింగ్ ర్యాక్ సంగతంటారా, అది వదులైతే ఆ కుదుపు చాలావరకు చేతికి తెలుస్తుంది. బండి నిలిపి స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఆడించినా టక్కుమంటుంది. అలాంటిదేమీ మీరు రాయలేదు.

అన్నిటికంటే ముందు, ఈరోజే చేయాల్సినవి రెండున్నాయి. ప్యాడ్ల కోసం చక్రం విప్పారు కాబట్టి వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి, కాలిపర్ బోల్టులు మెకానిక్‌తో చూపించండి. ఇవి వదులైతే విషయం చప్పుడుతో ఆగదు, బండి బయటికి తీయకూడదు. రెండోది, డిక్కీలోని జాకీ, పానా, స్టెప్నీ తీసి ఇంట్లో పెట్టి ఒకసారి నడిపి చూడండి. చప్పుడు బండి బాడీ వెంట పాకుతుంది, ముందు వినిపించేది ముందే పుట్టిందని నమ్మడానికి లేదు.

మెకానిక్‌కు బండి అప్పగించి రావడం కాదు, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గతుకుల దారికే తీసుకెళ్లండి. ఏ పార్టు పోయిందో మీరు చెప్పకండి. ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే ఆగుతోంది, అంతవరకే చెప్పండి. కోరినప్పుడు చప్పుడు రప్పించగలిగేదాకా ఏ పార్టూ మార్పించకండి. వస్తూ పోతూ ఉండే చప్పుడంటే అందరికీ టెన్షనే గానీ, నాకైతే ఎప్పుడూ వచ్చే చప్పుడు కంటే ఇదే నయం. ఎప్పుడు ఆగుతుందో తెలిస్తే సగం పని అయిపోతుంది.

ప్రశ్న: పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే కీచుమని అరుస్తుంది. నిమిషంలో ఆగిపోతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. దానంతటదే తగ్గుతోంది కదా, వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. ముందు అనుమానించాల్సింది ఇంజిన్ ముందుండే బెల్టును. స్టార్ట్ అవగానే బ్యాటరీ ఖర్చు పెట్టిన కరెంటును ఈ బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ తిరిగి నింపుతుంది కాబట్టి బెల్టు మీద లోడు పడుతుంది. పైగా రాత్రి తేమ. బెల్టు జారుతూ అరుస్తుంది, ఆరి వేడెక్కాక పట్టు దొరికి ఊరుకుంటుంది. అరుస్తున్నప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడండి. గొంతు పెంచితే బెల్టేనని అనుకోవచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా బెల్టు గాడుల వైపు కాసిని నీళ్లు చిలకరించడం మెకానిక్‌లు చేసే పరీక్ష. చప్పుడు కాసేపు పోయి మళ్లీ వస్తే పుల్లీలు వరుసలో లేవని, ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉందని అంచనా. తిరిగే బెల్టు దగ్గర చేయి, వేలాడే బట్ట ఉండకూడదు కాబట్టి ఆ పని ఆయన్నే చేయనివ్వండి. అరుపు ఆపుతుందని చెప్పి బెల్టుకు స్ప్రేలు కొట్టించుకోవద్దు. చాలా ఇంజిన్లలో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే, దారిలో తెగితే ఇంజిన్ వేడెక్కిపోతుంది. బెల్టు మార్పిస్తే దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పుల్లీని కూడా చేత్తో తిప్పి చూడమనండి. గరగరలాడితే అది కూడా మార్చాల్సిందే.